ఇన్సులిన్ మొదలైతే కంటికేమవుతుంది?

తెలుగు ఊళ్లలో షుగర్ డాక్టరు గది బయట బెంచీ మీద ఒక మాట తప్పకుండా దొర్లుతుంది: "ఇన్సులిన్ దాకా వచ్చిందంటే ఇక కళ్లు పోయినట్టే." పక్కన కూర్చున్నావిడ తన బావగారి సంగతి ఎత్తుకుంటుంది. మాత్రలు మింగినన్నాళ్లూ ఆయన బాగానే ఉన్నాడట, సూది మొదలుపెట్టిన ఏడాది తిరక్కుండానే చూపు మందగించిందట. లోపల డాక్టరు ఇన్సులిన్ పేరెత్తగానే రోగి నోట వచ్చే మొదటి మాట, "ఇంకో ఆర్నెల్లు మాత్రలతోనే లాగిద్దాం సార్." ఆ ఆర్నెల్లు కాస్తా కొందరికి ఆరేళ్లవుతాయి.

ఈ ఉపన్యాసానికి విషయం ఆ బెంచీ మీది మాటే. దాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయడం సులువు. కానీ బావగారి కథలో ఏది ముందు, ఏది వెనక అన్న వరస నిజమే కావచ్చు. ఇన్సులిన్‌తో షుగర్‌ను బాగా దించినప్పుడు మొదటి ఏడాదిలో కొందరి రెటీనా ఇంకాస్త చెడుతుందని 1980ల నుంచీ వైద్య పత్రికల్లో ఉంది. ఆ ఇన్సులినే పదేళ్ల లెక్కలో రెటీనాను ఎంతగా కాపాడుతుందో కూడా పరిశోధకులు కొలిచి పెట్టారు. రెండూ నిజాలే. మొదటిదాన్ని మింగేసి రెండోదాన్ని మాత్రమే చెప్పే డాక్టరు మాటను రోగి నమ్మడు. బావగారిని అతను కళ్లారా చూశాడు మరి.

బతికితేనే బయటపడే జబ్బు

1922 జనవరి 11న టొరంటో జనరల్ హాస్పిటల్‌లో లియొనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల కుర్రాడికి పశువుల క్లోమం నుంచి తీసిన సారాన్ని సూదిమందుగా ఇచ్చారు. అప్పటికి అతని బరువు 30 కిలోలు కూడా లేదు. మొదటి ప్రయత్నం సరిగా ఫలించలేదు, సూది గుచ్చినచోట గడ్డ లేచింది. జేమ్స్ కాలిప్ సారాన్ని మరింత శుద్ధి చేశాక జనవరి 23న మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి రక్తంలో చక్కెర దిగింది, కుర్రాడు తేరుకున్నాడు. ఆ సారమే ఇన్సులిన్. దాన్ని కనిపెట్టినందుకు మరుసటి ఏడాదే ఫ్రెడరిక్ బాంటింగ్‌కూ, జాన్ మెక్లియాడ్‌కూ నోబెల్ బహుమతి వచ్చింది. బాంటింగ్ తన వాటా సొమ్మును చార్లెస్ బెస్ట్‌తోనూ, మెక్లియాడ్ కాలిప్‌తోనూ పంచుకున్నారు. థాంప్సన్ ఆ తర్వాత పదమూడేళ్లు బతికి 1935లో న్యుమోనియాతో పోయాడు.

ఆ పదమూడేళ్లే ఇక్కడ ముఖ్యం. ఇన్సులిన్ రాకముందు చిన్న వయసులో వచ్చే షుగర్, ఇప్పుడు టైప్ 1 అంటున్నది, బయటపడ్డ ఏడాది రెండేళ్లలోనే పిల్లల్ని తీసుకుపోయేది. అమెరికాలో ఫ్రెడరిక్ అలెన్ ప్రచారంలోకి తెచ్చిన అర్ధాకలి పథ్యం కొందరికి కొన్ని నెలలు కలిపింది, అంతే. రెటీనా చెడడానికి ఏళ్లు పడుతుంది. ఆ పిల్లలకు అన్నేళ్ల ఆయుష్షు లేదు.

కంటి లోపలి గోడను బతికున్న మనిషిలో చూడడం 1851లో హెర్మన్ హెల్మ్‌హోల్ట్స్ ఆఫ్తాల్మోస్కోపు తయారుచేశాక సాధ్యమైంది. మరి కొన్నేళ్లకే వియన్నాలో ఎడ్వర్డ్ యేగర్ ఒక షుగర్ రోగి రెటీనాలో మచ్చలు చూసి, ఇవి ఆ జబ్బు వల్లే వచ్చాయన్నాడు. ఆ కాలపు నేత్రవైద్య శిఖామణి ఆల్బ్రెక్ట్ ఫాన్ గ్రేఫ్ ఒప్పుకోలేదు. వాదం దశాబ్దాలు సాగింది. అప్పట్లో ఎక్కువకాలం బతికే షుగర్ రోగులంతా పెద్ద వయసువాళ్లు. వాళ్లకు రక్తపోటు ఉంటుంది, రక్తనాళాలు గట్టిపడి ఉంటాయి, మూత్రపిండాలు దెబ్బతిని ఉంటాయి. మచ్చలు దేనివల్ల వచ్చాయో విడదీసి చెప్పే దారి లేకపోయింది.

ఆ చిక్కుముడి విప్పింది ఇన్సులినే. 1920లలో సూదిమందుతో బతికి బయటపడ్డ పిల్లలు 1940లకు పాతికేళ్లు దాటిన యువకులయ్యారు. రక్తపోటు లేనివాళ్లు, నాళాలు ముదరనివాళ్లు. వాళ్ల రెటీనాలోనూ రక్తపు చుక్కలు కనిపించాయి. కేశనాళికల గోడల మీద పొంగే సన్నని బుడగలు ఈ జబ్బులో ఎంత ముఖ్యమో గ్లాస్గో నేత్రవైద్యుడు ఆర్థర్ బాలంటైన్ 1943లో చూపించాడు. షుగర్ వల్ల రెటీనా చెడే ఈ జబ్బుకు, అంటే డయాబెటిక్ రెటినోపతికి, ఆ సూక్ష్మ బుడగలు నేటికీ తొలి గుర్తుగా లెక్క.

అంటే ఇన్సులిన్ వచ్చాకే షుగర్ వల్ల చూపు పోయినవాళ్ల సంఖ్య పెరిగింది. చరిత్రలో ఇది ఉన్న సంగతే. సూది లేకపోతే ఆ యువకులు పదేళ్ల వయసులోనే పోయి ఉండేవారు, అంధత్వం లెక్కలోకి వచ్చే అవకాశమే ఉండేది కాదు. బెంచీ మీది భయానికి ఇది మొదటి పొర. టైప్ 2 రోగి విషయంలోనూ ఇలాంటి తికమకే జరుగుతుంది. పదిహేనేళ్లు మాత్రలతో నెట్టుకొచ్చి, అవి ఇక పనిచేయని స్థితిలో సూది మొదలుపెడతాడు. అప్పటికే రెటీనాలో పదిహేనేళ్ల నష్టం పేరుకుని ఉంటుంది. అది బయటపడేనాటికి చేతిలో ఇన్సులిన్ పెన్ ఉంటుంది కాబట్టి నింద దాని మీద పడుతుంది.

కాలం ఎంత పని చేస్తుందో అమెరికాలోని విస్కాన్సిన్‌లో రోనాల్డ్ క్లైన్, బార్బరా క్లైన్ దంపతులు 1980 ప్రాంతం నుంచి కొలిచారు. చిన్న వయసులో షుగర్ వచ్చి ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లలో అయిదేళ్లకు సుమారు 25 శాతం మందికి, పదేళ్లకు 60 శాతం మందికి, పదిహేనేళ్లకు 80 శాతం మందికి ఏదో ఒక స్థాయి రెటినోపతి కనిపించింది.

పావు మిల్లీమీటరు పొరలో

రెటీనా మందం మిల్లీమీటరులో నాలుగో వంతు. ఆ కాస్త పొరలోనే వెలుగును పట్టే కణాలు, ఆ సంకేతాన్ని మెదడుకు చేరవేసే నాడీకణాలు, వాటికి ప్రాణవాయువు అందించే కేశనాళికల వల ఉన్నాయి. బరువుతో పోల్చి చూస్తే ఒంట్లో ఇంత ప్రాణవాయువు ఖర్చుచేసే కణజాలం అరుదు. అందుకే సరఫరాలో చిన్న తేడా వచ్చినా దెబ్బ తగులుతుంది.

ఆ వలను విడిగా చూసే ఉపాయాన్ని హార్వర్డ్‌లో టోయిచిరో కువబారా, డేవిడ్ కోగన్ కనిపెట్టారు. చనిపోయినవారి కంటి నుంచి తీసిన రెటీనాను ట్రిప్సిన్ అనే జీర్ణరసంలో నానబెడతారు. నాడీకణాలన్నీ మెత్తబడి కరిగిపోతాయి. మెల్లగా కడిగితే రక్తనాళాల వల ఒక్కటే మిగులుతుంది. దాన్ని గాజుపలక మీద పరిచి, రంగు వేసి సూక్ష్మదర్శిని కింద పెడతారు. ఆరోగ్యంగా ఉన్న కేశనాళికకు లోపలి వైపు అస్తరు కణాలుంటాయి, బయట దాన్ని పట్టుకుని పెరిసైట్లనే కణాలుంటాయి. మనిషి రెటీనాలో ఈ రెండు రకాలూ ఇంచుమించు సమానం. షుగర్ రోగుల రెటీనాలో పెరిసైట్లు ముందుగా రాలిపోవడం 1961లో ఆ బృందం ప్రచురించింది. పెరిసైటు ఉండాల్సిన చోట దాని ఖాళీ గుర్తు మాత్రం మిగులుతుంది. ఆ పట్టు పోయిన నాళం పొంగుతుంది, కారుతుంది, కొన్నాళ్లకు మూసుకుపోతుంది.

నాళాలు మూసుకుపోయిన మేర రెటీనాకు ఊపిరాడదు. ఊపిరాడని కణజాలం ఏదో రసాయనాన్ని వదిలి కొత్త నాళాలను పిలుస్తోందని ఐజాక్ మైకల్సన్ 1948లోనే ఊహించాడు. అది వీఈజీఎఫ్ అనే ప్రొటీన్ అని 1990లలో తేలింది. ముదిరిన రెటినోపతి ఉన్నవారి కంటి ద్రవంలో అది ఎక్కువగా ఉందని 1994లో బోస్టన్ పరిశోధకులు కొలిచి చూపించారు. అది పిలిస్తే వచ్చే కొత్త నాళాలు పెళుసైనవి. తేలిగ్గా తెగి కంట్లో రక్తం నిండుతుంది, మచ్చకట్టి రెటీనాను లాగేస్తుంది.

దెబ్బ నాళాలతోనే మొదలవుతుందన్న నమ్మకం 1998లో కొంత సడలింది. పెన్సిల్వేనియాలో అలిస్టర్ బార్బర్, థామస్ గార్డ్‌నర్ బృందం ఎలుకల్లో షుగర్ తెప్పించి రెటీనాలు పరీక్షించింది. నెల తిరిగేసరికే నాడీకణాలు మామూలు కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా చచ్చిపోతున్నాయి. అంత తొందరగా నాళాల్లో చెప్పుకోదగ్గ మార్పు కనిపించదు. చర్మం కింద ఇన్సులిన్ గుళిక అమర్చిన ఎలుకల్లో ఈ చావులు తగ్గాయి. రెటీనా నాడీకణాల మీద ఇన్సులిన్‌ను అందుకునే గ్రాహకాలున్నాయి కూడా. అంటే రెటీనాకు ఇన్సులిన్ పరాయి పదార్థం కాదు, ఆ కణాలు నిలదొక్కుకోవడంలో దానికి వాటా ఉంది.

పంపు పెట్టుకున్నవాళ్ల కళ్లు

షుగర్‌ను మామూలు స్థాయికి దగ్గరగా పట్టి ఉంచితే రెటీనా దక్కుతుందా? 1970ల దాకా దీని మీద వైద్యులే రెండు వర్గాలు. విస్కాన్సిన్‌లో రోనాల్డ్ ఎంగర్మన్ కుక్కల మీద చేసిన ప్రయోగం ఒక వైపు తూచింది. షుగర్ తెప్పించిన కుక్కలకు మొదటినుంచీ జాగ్రత్తగా ఇన్సులిన్ ఇస్తే అయిదేళ్లయినా రెటీనా చాలావరకు బాగుంది, నిర్లక్ష్యంగా ఇచ్చినవాటిలో చెడింది. 1987లో ఎంగర్మన్, తిమోతి కెర్న్ ఇంకో అడుగు వేశారు. రెండున్నరేళ్లు షుగర్‌ను ఎక్కువగా ఉండనిచ్చి, ఆపై రెండున్నరేళ్లు గట్టిగా అదుపుచేశారు. మలి సగంలో షుగర్ బాగున్నా రెటీనా చెడడం ఆగలేదు. ఆలస్యంగా వచ్చిన అదుపు పాత నష్టాన్ని వెంటనే ఆపలేదన్నమాట.

అప్పటికే ఇన్సులిన్ పంపులు వచ్చాయి. నడుముకు తగిలించుకునే చిన్న యంత్రం రోజంతా బొట్టుబొట్టుగా మందు ఎక్కిస్తుంది. ఇక రెటినోపతి నెమ్మదిస్తుందని అందరూ ఎదురుచూశారు. క్రాక్ సహకార అధ్యయనం 70 మంది రోగులతో ఎనిమిది నెలలు సాగి 1984లో ఫలితం చెప్పింది. పంపు పెట్టుకున్నవాళ్ల షుగర్ చక్కగా దిగింది, రెటీనా మాత్రం పాత పద్ధతిలో ఉన్నవాళ్ల కంటే ఎక్కువ చెడింది. మరుసటి ఏడు ఓస్లో నుంచి కూడా ఇదే కబురు వచ్చింది. గట్టి వైద్యం మొదలైన మూడు నుంచి ఆరు నెలల్లో దాదాపు సగం మంది రెటీనాలో దూది మచ్చలు తేలాయి. నాడీతంతువుల పొరలో రక్తం అందక ఉబ్బిన చోట్లివి, అంచులు అలికినట్టున్న తెల్లని చుక్కలుగా కనిపిస్తాయి. ఆ రోగుల్లో చాలామందికి చూపులో తేడా ఏమీ తెలియలేదు, కెమెరాకే తెలిసింది. ఏడాది తిరిగేసరికి ఎక్కువమందిలో అవి మాయమయ్యాయి. క్రాక్ రోగులను రెండేళ్లకు మళ్లీ చూస్తే రెండు జట్ల మధ్య తేడా చెరిగిపోయింది.

ఎనిమిది నెలలకే తేల్చేసి ఉంటే గట్టి ఇన్సులిన్ వైద్యానికి అప్పుడే తలుపులు మూసుకునేవి.

1,441 మంది

తలుపులు మూతపడకుండా నిలిపింది డీసీసీటీ అనే అధ్యయనం. 1983 నుంచి 1993 దాకా అమెరికా, కెనడాల్లోని 29 కేంద్రాల్లో 13 నుంచి 39 ఏళ్ల వయసున్న 1,441 మంది టైప్ 1 రోగులతో జరిగింది. వాళ్లలో 726 మందికి రెటీనా శుభ్రంగా ఉంది, 715 మందికి అప్పటికే తొలి మార్పులున్నాయి. ఎవరికే వైద్యమో చీటీ వేసినట్టు నిర్ణయించారు. ఒక జట్టుకు నాటి మామూలు పద్ధతి, రోజుకు ఒకటి రెండు సూదులు. రెండో జట్టుకు మూడు అంతకుమించి సూదులు లేదా పంపు, రోజుకు నాలుగుసార్లు వేలు గుచ్చి పరీక్ష, దానికి తగ్గట్టు మోతాదు మార్పు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ మొదటి జట్టులో 9 దగ్గర, రెండో జట్టులో 7 దగ్గర నిలిచింది. ఇంత తిప్పలున్నా 99 శాతం మంది చివరిదాకా నిలిచారు.

సగటున ఆరున్నరేళ్లు గడిచాక, లాభం ఇక వాదనకు తావులేనంతగా కనిపించడంతో అధ్యయనాన్ని అనుకున్నదానికంటే ముందే ఆపేశారు. రెటీనా శుభ్రంగా ఉన్నవాళ్లలో గట్టి వైద్యం రెటినోపతి ముప్పును 76 శాతం తగ్గించింది. అప్పటికే మార్పులున్నవాళ్లలో జబ్బు ముదరడాన్ని 54 శాతం తగ్గించింది. దీనికి చెల్లించిన మూల్యమూ ఉంది. షుగర్ మరీ పడిపోయి ఇతరుల సాయం అవసరమైన సందర్భాలు గట్టి వైద్యం జట్టులో మూడు రెట్లు ఎక్కువ.

ఈ పట్టికల్లోనే మొదటి ఏడాది సంగతీ ఉంది. 1998లో డీసీసీటీ బృందం దాన్ని విడిగా ప్రచురించింది. ఆరో నెల లేదా పన్నెండో నెల పరీక్షలో రెటీనా చెడినట్టు కనిపించినవాళ్లు గట్టి వైద్యం జట్టులో 13.1 శాతం, మామూలు జట్టులో 7.6 శాతం. వాళ్లలో సుమారు సగం మందికి పద్దెనిమిదో నెలకు ఆ మార్పు సర్దుకుంది. ముందునుంచే రెటీనాలో మార్పులున్నవాళ్లను మాత్రమే తీసుకుంటే, గట్టి వైద్యం మొదటి ఏడాది వెనకబడింది, మూడేళ్లు తిరిగేసరికి ముందుకు వచ్చింది, ఆపై ఏటేటా దూరం పెరిగింది. మొదట్లో చెడిన రోగులు కూడా చివరికి మామూలు వైద్యంలో ఉండిపోయినవారికంటే మెరుగ్గానో, సమానంగానో తేలారు.

అధ్యయనం ముగిశాక అందరికీ గట్టి వైద్యం నేర్పి, 1994 నుంచి ఈడీఐసీ పేరుతో వెంట నడిచారు. నాలుగైదేళ్లలో రెండు జట్ల హెచ్‌బీఏ1సీ 8 దగ్గర కలిసిపోయింది. రెటీనాలు కలవలేదు. తొలి ఆరున్నరేళ్లు షుగర్‌ను అదుపులో పెట్టుకున్నవాళ్లకు ఆ రక్షణ తర్వాతా కొనసాగింది. ఇరవై ఏళ్లకు పైగా వెంట నడిచి 2015లో ప్రచురించిన లెక్క చూస్తే, షుగర్ సంబంధమైన కంటి ఆపరేషన్ల ముప్పు వారిలో 48 శాతం తక్కువ. ఎంగర్మన్ కుక్కల్లో కనిపించినదే మనుషుల్లో తిరగేసి కనిపించింది. తొలి సంవత్సరాల నష్టం ఎలా వెంటాడుతుందో, తొలి సంవత్సరాల జాగ్రత్త కూడా అలాగే వెంట వస్తుంది.

శివారు పొలానికి నీళ్లందనట్టు

చక్కెర దిగితే కన్ను చెడడమేమిటి? దీనికి ఒక్కటే జవాబు ఇంకా తేలలేదు, మూడు వివరణలు మాత్రం గట్టిగా వినిపిస్తాయి.

మొదటిది ప్రవాహానికి సంబంధించినది. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉన్నప్పుడు రెటీనాలోకి రక్తం ఎక్కువగా పారుతుంది. కేశనాళికలు కొన్ని మూసుకుపోయినా ఆ ఉద్ధృతి వల్ల చివరిదాకా ఎలాగో అందుతూంటుంది. షుగర్ చప్పున దిగితే పారుదల తగ్గుతుంది. డెల్టా కాలువకు పైన నీళ్లు తగ్గిస్తే ముందు ఎండేది శివారు పొలమే కదా, రెటీనాలోనూ నాళాలు సగం దెబ్బతిన్న చోటే ముందు కరువు వస్తుంది. దూది మచ్చలు తేలేది అక్కడే.

రెండోది ఐజీఎఫ్-1 అనే పెరుగుదల కారకం. ఇన్సులిన్ లోటుగా ఉన్నంతకాలం కాలేయం దాన్ని తక్కువగా తయారుచేస్తుంది. ఇన్సులిన్ అందగానే మళ్లీ పెంచుతుంది. ఆ పెరుగుదల రెటినోపతిని ఎగదోస్తుందన్న అనుమానం వెనక ఒక పాత కథ ఉంది. ప్రసవంలో పిట్యూటరీ గ్రంథి దెబ్బతిన్న ఒక షుగర్ రోగికి రెటినోపతి తగ్గిపోయిందని డెన్మార్క్ వైద్యుడు యాకబ్ పౌల్సెన్ 1953లో రాశాడు. పిట్యూటరీ తయారుచేసే గ్రోత్ హార్మోన్ పోతే ఐజీఎఫ్-1 కూడా పడిపోతుంది. ఆ ఒక్క రోగి కథ ఆధారంగా తర్వాతి దశాబ్దంలో చూపు కోసం పిట్యూటరీని తొలగించే ఆపరేషన్లు యూరప్‌లో, అమెరికాలో ఎన్నో జరిగాయి. మిగతా ఒంటికి అవి తెచ్చిన కష్టం ఎక్కువ కావడంతో లేజర్ రాగానే మూలపడ్డాయి.

మూడోది ఇన్సులిన్‌దే. షుగర్ ఉన్న ఎలుకలకు ఒక్కసారిగా ఎక్కువ ఇన్సులిన్ ఇస్తే రెటీనాలో వీఈజీఎఫ్ పెరిగి నాళాలు కొన్నాళ్లు కారతాయని 2002లో బోస్టన్‌లో చూపించారు. నాళాలు బాగున్న రెటీనా దీన్ని తట్టుకుంటుంది. అందుకే తొలిదశలో, రెటీనా ఇంకా శుభ్రంగా ఉండగా ఇన్సులిన్ మొదలుపెట్టినవాళ్లకు ఈ బెడద దాదాపు ఉండదు. ఆలస్యం చేసినకొద్దీ పెరుగుతుంది. సూది అంటే భయపడి వాయిదా వేసే మనిషి, తనకు తెలియకుండానే ఆ భయం నిజమయ్యే పరిస్థితిని తయారుచేసుకుంటాడు.

పేపరు దూరం జరిగితే

బెంచీ మీది భయానికి రెటీనాతో సంబంధమే లేని ఇంకో కారణముంది. సూది మొదలుపెట్టిన మొదటి వారంలో రోగి పొద్దున్నే పేపరు తీస్తాడు, అక్షరాలు అలుక్కుపోయి కనిపిస్తాయి. చేయి చాచి దూరంగా పెట్టుకుంటే కాస్త నయం. మొన్నటిదాకా చదివినవాడికి ఇవాళ ఇలా ఎందుకైంది? సూది వల్లే అనుకుంటాడు, అనుకోవడంలో తప్పులేదు కూడా. షుగర్ ఎక్కువగా ఉన్న నెలల్లో కంటి లెన్సు నీటి సమతూకం మారి, దానికి తగ్గట్టు చూపు సర్దుకుని ఉంటుంది. షుగర్ దిగగానే లెన్సు వంపు, శక్తి మళ్లీ మారతాయి. దగ్గరి చూపు కొన్ని వారాలు మసకబారి, తర్వాత కుదుటపడుతుంది.

ఈ వారాల్లోనే కొందరు కంగారుపడి కొత్త కళ్లజోడు చేయించుకుంటారు. నెలన్నర తిరిగేసరికి ఆ అద్దాలు పనికిరాకుండా పోతాయి. ఇంకొందరు సూదే మానేస్తారు. మళ్లీ షుగర్ ఎక్కుతుంది, పాత అద్దాలతో అక్షరాలు మళ్లీ కనిపిస్తాయి, ఇన్సులిన్ కళ్లకు పడదన్న నమ్మకం స్థిరపడిపోతుంది. "రెండు మూడు వారాలు పేపరు మసగ్గా కనిపిస్తుంది, కంగారుపడొద్దు, అద్దాలు ఇప్పుడే మార్చకండి" అని సూది రాసిన రోజే చెబితే ఎంతోమంది నిలబడతారు.

ఎండ నుంచి సూదిమందు దాకా

రెటీనా చెడినా చేతులెత్తేసే రోజులు పోయాయి. 1945 జూలైలో సూర్యగ్రహణాన్ని నేరుగా చూసి కన్ను కాల్చుకున్న ఒక వైద్య విద్యార్థిని జర్మన్ వైద్యుడు గెర్డ్ మేయర్ ష్విక్కెరాట్ పరీక్షించాడు. వెలుతురు రెటీనాను కాల్చగలిగితే, కావలసిన చోట కాల్చి మేలు చేయవచ్చు కదా అన్న ఆలోచన అక్కడ మొలిచింది. మొదట ఎండతో, తర్వాత జెనాన్ దీపంతో ప్రయత్నించాడు. బోస్టన్‌లో విలియం బీతమ్ ఇంకో సంగతి గమనించాడు: పాత గాయాలతో రెటీనా నిండా మచ్చలున్న కళ్లలో రెటినోపతి తక్కువ. అయితే లేజర్‌తో మచ్చలు కావాలనే వేస్తే? 1967 ప్రాంతంలో ఆయన, లాయిడ్ ఐయెల్లో రూబీ లేజర్‌తో ఆ పని మొదలుపెట్టారు. రెటీనా అంచుల్లో చెల్లాచెదురుగా లేజర్ వేస్తే తీవ్రమైన చూపు నష్టం సగానికి పైగా తగ్గుతుందని 1976లో అమెరికా జాతీయ అధ్యయనం తేల్చింది. ఇప్పుడు వీఈజీఎఫ్‌ను అడ్డుకునే మందులను నేరుగా కంటిలోకి సూదితో ఇస్తున్నారు. హైదరాబాద్, విజయవాడ, విశాఖ కంటి ఆసుపత్రుల్లో ఇవి రోజువారీ వైద్యమే.

సూది రాసే రోజు

దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని ఐసీఎంఆర్ సర్వే 2023లో అంచనా వేసింది. కేంద్ర ఆరోగ్యశాఖ కోసం 2015-19 మధ్య జరిగిన మరో సర్వేలో 50 ఏళ్లు దాటిన షుగర్ రోగుల్లో 16.9 శాతం మందికి రెటినోపతి కనిపించింది. తెలుగు రాష్ట్రాల్లో కంటి వెలుగు శిబిరాలు ఊరూరా తిరిగి కళ్లజోళ్లు పంచాయి. దాంతో కంటి పరీక్ష అయిపోయిందని అనుకునేవాళ్లున్నారు. గోడ మీది అక్షరాలు చివరి వరస దాకా చదివినవాడి రెటీనాలో కూడా కొత్త నాళాలు పుట్టి ఉండవచ్చు. చుక్కల మందు వేసి కంటిపాప పెద్దది చేసి లోపలికి చూసేదాకా ఆ సంగతి తెలియదు.

చేయవలసిందేమిటో డీసీసీటీ బృందమే రాసిపెట్టింది. చాలాకాలం షుగర్ అదుపులో లేని మనిషికి గట్టి వైద్యం మొదలుపెట్టేముందు రెటీనా చూడాలి. మార్పులు మధ్యస్థాయి దాటి ఉంటే మొదటి ఆర్నెల్ల నుంచి ఏడాదిదాకా మూడు నెలలకోసారి చూస్తుండాలి. లేజర్ అవసరమయ్యే దశకు వచ్చి ఉంటే ఆ పని ముందు కానివ్వాలి. షుగర్‌ను మెల్లగా దించితే ముప్పు తగ్గుతుందా అని కూడా ఆ బృందం వెతికింది, అందుకు ఆధారం దొరకలేదు. కాబట్టి కంటి పేరు చెప్పి ఇన్సులిన్‌ను నెలల తరబడి జరపడానికి వీల్లేదు. టైప్ 1 పిల్లల విషయంలో అసలు వాయిదా ప్రసక్తే లేదు, ఒక్క రోజు సూది తప్పినా ప్రాణం మీదికి వస్తుంది. వాళ్ల రెటీనా తొలినాళ్లలో శుభ్రంగానే ఉంటుంది గనక జబ్బు వచ్చిన మూడు నుంచి అయిదేళ్లలో మొదటి పరీక్ష, ఆపై క్రమం తప్పకుండా చూపిస్తే చాలు. టైప్ 2 వాళ్లకు షుగర్ బయటపడ్డనాడే చూడాలి, అది ఎన్నేళ్ల కిందట వచ్చిందో ఎవరికీ తెలియదు. గర్భం దాల్చిన షుగర్ రోగులది ప్రత్యేకమైన సంగతి. బిడ్డ కోసం షుగర్‌ను కొద్ది వారాల్లోనే దించాల్సి వస్తుంది కాబట్టి తొలి మూడు నెలల్లోనే రెటీనా పరీక్ష జరగాలి.

ఈ ప్రశ్న ఇన్సులిన్‌తో ఆగలేదు. వారానికోసారి వేసుకునే సెమాగ్లుటైడ్ మీద 2016లో వచ్చిన సస్టెయిన్-6 అధ్యయనంలో రెటినోపతి చిక్కులు ఆ మందు వాడినవారిలో 3 శాతం, వాడనివారిలో 1.8 శాతం. పరిశోధకులు తరచి చూస్తే, చిక్కులు వచ్చినవాళ్లు ఎక్కువగా అప్పటికే రెటినోపతి ఉన్నవాళ్లు, ఇన్సులిన్ కూడా వాడుతున్నవాళ్లు, మొదటి నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ బాగా పడిపోయినవాళ్లు. ఆ మందు 2022లో మాత్రగా మన దేశానికి వచ్చింది. బరువు తగ్గించే సూదిగా ఇప్పుడు మామూలు మందుల షాపుల్లో కూడా అడుగుతున్నారు. ఇవి రాసే డాక్టరు ముందుగా అడగవలసినవి కూడా డీసీసీటీ నాటివే: షుగర్ ఎన్నేళ్లుగా ఉంది, హెచ్‌బీఏ1సీ ఎంత, చుక్కలు వేసి రెటీనా చూసి ఎన్నాళ్లయింది.